మార్లవాయిలో ఉండిపోయిన బెట్టి ఎలిజబెత్

ఏటా జనవరి 11న మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ వర్ధంతి జరుపుకుంటాం. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా, జైనూరు మండలంలోని ఆ చిన్న గోండు గూడేనికి ఆ రోజు చుట్టుపక్కల గూడేల పటేళ్లు, పెద్దలు, ఉపాధ్యాయులు, అధికారులు వస్తారు. సమాధుల దగ్గర పూలు పెడతారు. ఆయన మనకు చేసిన మేలు గురించి మాట్లాడతారు. మర్నాడు పత్రికల్లో ‘హైమన్‌డార్ఫ్ వర్ధంతి’ అని వార్త వస్తుంది.

అయితే క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ చనిపోయింది జనవరిలో కాదు. 1995 జూన్ 11న, లండన్‌లో. జనవరి 11 ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ హైదరాబాదులో కన్నుమూసిన రోజు. ఆ సంవత్సరం 1987. ఆమె పోయిన రోజున మనం ఆయన పేరు చెప్పుకుంటున్నాం.

ఇది ఎవరో కావాలని చేసింది కాదు. మన పెద్దలకు ఆ ఇద్దరూ వేరువేరు కాదు. ‘హైమన్‌డార్ఫ్’ అంటే వాళ్లకు దంపతులే. ఇంకో మాట కూడా ఉంది. మనకు ఇంగ్లీషు తేదీలతో పని తక్కువ. కుమ్రం భీం వర్ధంతిని ఇప్పటికీ ఆశ్వయుజ పౌర్ణమి నాడే జోడేఘాట్‌లో జరుపుకుంటాం. క్యాలెండర్‌లో అది ఏ తేదీన పడినా మనకు పట్టింపు లేదు. కానీ మార్లవాయి రోజును మాత్రం తేదీ పెట్టుకునే గుర్తుంచుకున్నాం. ఆ తేదీ ఎవరిదో మాత్రం మెల్లమెల్లగా మరిచిపోతున్నాం. బడిలో ఆ రోజు ఎవరిదని అడిగితే మన పిల్లల్లో చాలామంది ‘హైమన్‌డార్ఫ్ సార్‌ది’ అంటారు. అందుకే ఈ వ్యాసంలో ఆయన గురించి తక్కువ, ఆమె గురించి ఎక్కువ చెప్పుకుందాం.

ఆమె పుట్టింటి పేరు బర్నార్డో. ఇంగ్లీషు కుటుంబం. క్రిస్టోఫ్ ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో 1909లో పుట్టినవారు. మానవశాస్త్రం చదువుకొని, 1936-37లో నాగా కొండల్లో కోన్యాక్ నాగాల మధ్య ఉండి తిరిగి వెళ్లారు. 1938లో ఇద్దరికీ పెళ్లయింది. 1939లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. వచ్చిన కొద్ది రోజులకే ఐరోపాలో యుద్ధం మొదలైంది. అప్పటికి ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకుంది. దాంతో క్రిస్టోఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే ఇంగ్లీషువారి లెక్కలో ఆయన శత్రు దేశస్థుడు. అటువంటి వారిని అప్పట్లో క్యాంపుల్లో బంధించి ఉంచేవారు. ఆయనను మాత్రం నిజాం సంస్థానం దాటి పోకూడదన్న షరతు మీద వదిలిపెట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. బెట్టి ఇంగ్లీషు స్త్రీ. ఆమె మనుషులు, ఆమె దేశం ఒక పక్క. ఆమె పెనిమిటి కాగితాల మీద అవతలి పక్క. పెళ్లయి ఏడాది గడిచిందో లేదో ఈ కష్టం వచ్చింది. తన దేశం వాళ్లే తన పెనిమిటిని అనుమానంగా చూస్తుంటే, ఆమె ఆయనతో పాటు నల్లమల అడవిలో డేరా వేసుకొని ఉండటానికి వెళ్లారు. ఆ పెళ్లి ఎటువంటిదో అక్కడే తెలిసిపోతుంది.

1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచు పెంటల మధ్య వారు నెలల తరబడి ఉన్నారు. ఒక పెంట నుండి ఇంకో పెంటకు చెంచులు కదిలితే వీళ్లూ కదిలేవారు. తరువాత గోదావరి వెంట పాపికొండల్లో కొండరెడ్ల దగ్గరకు వెళ్లారు. చెంచుల మీద పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద పుస్తకం 1945లో వచ్చాయి. ఈ పుస్తకాలను ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు. వాటిలో గడ్డలు తవ్వడం, తేనె తీయడం, పెళ్లిళ్లు, చావులు, దేవతలు అన్నీ ఉంటాయి. ఆ నెలల్లో డేరాలో పొయ్యి ఎవరు చూశారు, జ్వరం వస్తే ఎవరు దగ్గర కూర్చున్నారు, రాసిన కాగితాలు వానకు తడవకుండా ఎవరు దాచారు, ఇవి మాత్రం పుస్తకాల్లో ఉండవు. మన ఇళ్లల్లో ఆడవాళ్ల పని కూడా అంతే కదా. గింజ ఇంటికి చేరినాక ఎన్ని బస్తాలో లెక్క రాస్తాం. కలుపు తీసిన చేతులను ఎవరూ లెక్క రాయరు.

ఇక మన ఆదిలాబాద్ సంగతి. 1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీంను, ఆయన మనుషులను నిజాం పోలీసులు కాల్చి చంపారు. జల్, జంగల్, జమీన్ కోసం గోండులు, కోలాములు ఎందుకు ఎదురు తిరిగారన్న ప్రశ్న ఆ తరువాత ప్రభుత్వాన్ని వదల్లేదు. రిజర్వు ఫారెస్టు గీతలు గీసి గూడేలను ఖాళీ చేయించడం, పంటలు కాల్చడం, ఫారెస్టు వాళ్ల మామూళ్లు, షావుకార్ల కాగితాలు, ఇవన్నీ కళ్లముందే ఉన్నాయి. అయినా దొర వచ్చి రాస్తే తప్ప సర్కారు నమ్మే పరిస్థితి లేదు. ఆ పని మీదనే ఈ దంపతులు మన దగ్గరికి వచ్చి మార్లవాయిలో నిలిచారు. వాళ్లను మనం పిలిచి తెచ్చుకోలేదు. భీం రక్తం పారకపోతే వాళ్లు వచ్చేవారూ కాదు. ఈ వరుస మరిచిపోయి హైమన్‌డార్ఫ్‌తోనే మన చరిత్ర మొదలైనట్టు మాట్లాడేవాళ్లు ఉన్నారు. అది సరికాదని గట్టిగానే చెప్పాలి. భీం భార్య సోంబాయి పేరు మన నోళ్లలో ఉంది. సర్కారు కాగితాల్లో ఆ ఇల్లాలి బతుకు ఒక పుట కూడా లేదు. ఈ వ్యాసంలో ఒక ఇంగ్లీషు ఇల్లాలి గురించి చెప్పుకుంటున్నామంటే, మనసులో సోంబాయి కూడా ఉన్నట్టే లెక్క.

మార్లవాయిలో వాళ్లు బంగళా కట్టుకోలేదు. మన ఇళ్ల వంటి ఇంట్లోనే, మన మధ్యనే ఉన్నారు. క్రిస్టోఫ్ గోండి నేర్చుకున్నారు. పర్ధాన్‌లు కికిరి వాయిస్తూ చెప్పే సగాల కథలు, పెర్సా పేన్ పూజలు, దండారి, గుస్సాడీ, ఏడాది పొడుగునా వచ్చే పండుగలన్నీ రాసుకున్నారు. ‘ఆదిలాబాద్ రాజ్ గోండులు’ అన్న ఇంగ్లీషు పుస్తకం 1948లో వచ్చింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. మన పిల్లలకు మన భాషలో, మన మనిషే పాఠం చెప్పాలన్న ఆలోచనతో కట్టిన బడి అది. ఈ పుస్తకం చదివే ఉపాధ్యాయుల్లో కొందరి తాతలు అక్కడ అక్షరం దిద్దినవాళ్లే అయి ఉంటారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు పెట్టించి, అధికారులను మన ముందుకు రప్పించింది కూడా ఆ రోజుల్లోనే. పట్టాల పనిలో సేతుమాధవరావు పగిడి వంటి అధికారులు తోడయ్యారు. ఆయన కూడా గోండి నేర్చుకున్న మనిషే.

ఇవన్నీ క్రిస్టోఫ్ పేరున ఉన్న పనులు. వీటిలో బెట్టి ఎక్కడ?

మన గూడేల తీరు తెలిసినవాళ్లకు దీని జవాబు కష్టం కాదు. పరాయి మగవాడు వస్తే ఎక్కడ కూర్చుంటాడు? పటేల్ ఇంటి ముందర, చెట్టు కింద, మగవాళ్ల మధ్య. ఆడవాళ్లు దూరం నుండి చూసి లోపలికి పోతారు. పురుడు జరిగిన ఇంట్లోకి, బయట ఉన్న ఆడవాళ్ల దగ్గరకు, పెళ్లిలో ఆడవాళ్లు ఒకచోట చేరి పాడుకునే చోటికి ఆ మగవాడు ఎంత చదువుకున్నవాడైనా పోలేడు. మనిషి పుట్టుక, పెళ్లి, కాపురం, వంట, విత్తనం దాచుకోవడం, ఇవన్నీ అతనికి తలుపు అవతలి సంగతులే. ఆ గడప దాటగలిగేది ఇంకో ఆడమనిషే. పెనిమిటి వెంట వచ్చి, అదే గూడెంలో నీళ్లు తాగి, రోజూ కళ్ల ముందు తిరిగే ఆడమనిషి అయితే మరీ సులువు. ఒంటరి మగవాడుగా వచ్చిన దొర మీద ఉండే అనుమానం, భార్యతో వచ్చి కాపురం పెట్టినవాడి మీద ఉండదు. ఈ లెక్కన చూస్తే మార్లవాయి ఆ ఇద్దరినీ ఒప్పుకోవడంలో బెట్టి పాలు చిన్నది కాదు.

రాతపనిలో కూడా ఆమె పాలు ఉంది. 1979లో ఢిల్లీలో అచ్చయిన ‘ఆంధ్రప్రదేశ్ గోండులు’ అన్న ఇంగ్లీషు పుస్తకం మొదటి పుటలో క్రిస్టోఫ్ పేరు కింద ‘ఎలిజబెత్ సహకారంతో’ అని ఉంటుంది. సహకారం అన్న మాట చిన్నది. నలభై ఏళ్ల పని ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది. ఆమె పేరు ఒక్కటే కనిపించే పుస్తకం ఇంకొకటి ఉంది. దక్షిణాసియా ప్రజల మీద మానవశాస్త్రజ్ఞులు రాసిన పుస్తకాలు, వ్యాసాల పట్టిక అది. మొదటి సంపుటం 1958లో వచ్చింది. తరువాత మరి రెండు సంపుటాలు వచ్చాయి. కంప్యూటర్లు లేని రోజుల్లో, వేల పేర్లను చేతితో కాగితం ముక్కల మీద రాసుకొని, వరుసలో పేర్చి చేసే పని. గ్రంథాలయంలో పని చేసినవాళ్లకు తెలుస్తుంది అదెంత ఓపిక పనో. చూడండి, తన ఒక్క పేరు మీద ఆమె తెచ్చింది ఇతరుల రాతల జాబితా. పరిశోధన చేసే మన యువతీ యువకులు ఇప్పటికీ ఆ జాబితా తిరగేయవచ్చు. చెంచుల మీద, కోయల మీద, మన మీద ఎవరెవరు ఏమి రాశారో వెతకడానికి అది మంచి దారి.

1944లో ప్రభుత్వం క్రిస్టోఫ్‌ను ఈశాన్య సరిహద్దుకు, ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లోని సుబన్‌సిరి ప్రాంతానికి స్పెషల్ ఆఫీసరుగా పంపింది. శత్రు దేశస్థుడని సంస్థానం దాటనీయని మనిషినే, యుద్ధం ముగియకముందే, సరిహద్దుకు అధికారిగా పంపారు! సర్కారు లెక్కలు అట్లా ఉంటాయి. అపతానీల లోయకు బెట్టి కూడా వెళ్లారు. యుద్ధం తరువాత లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో క్రిస్టోఫ్ ఉద్యోగంలో చేరి ప్రొఫెసర్ అయ్యారు. వారికి ఒక కొడుకు. తరువాతి ఏళ్లలో నేపాల్ షెర్పాల దగ్గరకు, ఇంకా అనేక చోట్లకు ప్రయాణాలు సాగాయి. ఇల్లు, బిడ్డ, పెనిమిటి రాతపని, సంవత్సరంలో కొన్ని నెలలు కొండల్లో బతుకు. ఇవన్నీ ఆమె ఎట్లా సర్దుకున్నారో పిల్లలను వీపున కట్టుకొని పోడు చేసిన మన తల్లులకు వేరే చెప్పనక్కరలేదు.

1976లో క్రిస్టోఫ్ ఉద్యోగ విరమణ చేశారు. ఆ వయసులో ఎవరైనా ఇంటిపట్టున ఉండాలనుకుంటారు. వీళ్లు తిరిగి మన దగ్గరికే వచ్చారు. ముప్పై అయిదేళ్ల కిందట తాము చూసిన గూడేలు ఇప్పుడు ఎట్లా ఉన్నాయో చూడాలనుకున్నారు.

ఆ చూపు సంతోషం ఇచ్చేది కాదు. 1941లో కొత్త కోడళ్లుగా ఉన్నవాళ్లు అప్పటికి మనుమలను ఎత్తుకున్న అవ్వలు. బెట్టి జుట్టూ నెరిసింది. అవ్వలైతే ఉన్నారు. వాళ్ల పెనిమిట్ల పేరున 1940లలో వచ్చిన పట్టాల భూములు చాలాచోట్ల వాళ్ల చేతుల్లో లేవు. రోడ్లు వచ్చాయి. రోడ్ల వెంట బయటివాళ్లు వచ్చారు. అప్పు కింద, కల్లు కింద, తెలియని వేలిముద్ర కింద నల్లరేగడి చేలు చేతులు మారాయి. చట్టం కాగితం మీద మన పక్కనే ఉంది. 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదు. కానీ పోయింది. పట్టా కాగితాన్ని పెట్టెలో చీర మడతల మధ్య దాచుకొని, చేను మాత్రం పరాయివాడు దున్నుతుంటే చూస్తూ బతికిన అవ్వలు మన ప్రతి గూడెంలో ఉన్నారు. కాగితం ఎప్పుడు వచ్చింది, చేను ఎప్పుడు పోయింది, ఎవరు తీసుకున్నారు, ఎంత అప్పుకు తీసుకున్నారు అన్నది ఆ అవ్వలకు పొల్లుపోకుండా గుర్తు ఉంటుంది. తాతలు కచేరీ చుట్టూ తిరిగారు. ఇంట్లో గింజ తరిగిపోవడం చూసింది అవ్వలు.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూముల కోసం సభ పెట్టుకున్న మనవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదముగ్గురు చనిపోయారని సర్కారు చెప్పింది. మనవాళ్ల లెక్క అంతకంటే చాలా ఎక్కువ. మరుసటి ఏడాది, 1982లో క్రిస్టోఫ్ పుస్తకం వచ్చింది. భారతదేశ గిరిజనులు బతకడానికి చేస్తున్న పోరాటం గురించిన పుస్తకం అది. అందులో ఆదిలాబాద్ భూములు ఎట్లా పోయాయో రాశారు. తాము స్వయంగా నిలబెట్టిన పని కూలిపోవడం కళ్లారా చూసి రాసిన పుస్తకం. తొలి రోజుల్లో ఆయన పక్కన నిలిచిన మనిషే ఆ ప్రయాణాల్లోనూ పక్కన ఉన్నారు.

1987 జనవరి 11న హైదరాబాదులో బెట్టి చనిపోయారు. ఆమెకు లండన్‌లో ఇల్లు ఉంది. ఇంగ్లండ్‌లో పుట్టింటివాళ్ల శ్మశానాలు ఉన్నాయి. హైదరాబాదులోనే క్రైస్తవుల శ్మశానవాటికలు ఉన్నాయి. అయినా ఆమెను మార్లవాయి తెచ్చి అక్కడి నేలలో పెట్టారు.

ఈ సంగతి మనవాళ్లకు ఎంత లోతుగా తగిలిందో అర్థం కావాలంటే మన ఆచారం ఒకటి గుర్తు చేసుకోవాలి. పుష్య అమావాస్య నాడు కేస్లాపూర్‌లో నాగోబా మహాపూజ జరిగిన తరువాత మెస్రం వంశం కొత్త కోడళ్లకు భేటింగ్ ఉంటుంది. తెల్లచీర కట్టి, ముసుగు వేసుకొని వచ్చిన ఆ కోడళ్లను వంశం పెద్దలు నాగోబాకు పరిచయం చేస్తారు. వాళ్లను భేటి కొరియాడ్ అంటారు. పెళ్లి ఎప్పుడో అయిపోయి, పిల్లలు పుట్టి ఉన్నా సరే, ఈ భేటింగ్ జరిగితేనే ఆమె నిండుగా ఆ వంశం మనిషి. అప్పటినుండి అత్తింటి పేన్ ఆమె పేన్. చనిపోయాక ఆమె చేరేది కూడా అత్తింటి పెద్దల్లోనే. మన దగ్గర ఆడమనిషి పుట్టిన ఊరు ఒకటి, కలిసిపోయే ఊరు ఇంకొకటి. మగవాడికి ఆ రెండూ ఒకటే.

బెట్టికి ఎవరూ భేటింగ్ చేయలేదు. ఆమెకు మన వంశం లేదు, సగా లేదు. పెనిమిటిదీ ఈ ఊరు కాదు. వియన్నాలో పుట్టిన మనిషికి మార్లవాయి అత్తిల్లు ఎట్లా అవుతుంది? కానీ మన గూడెం ఆమెకు నేల ఇచ్చింది. ఇన్నేళ్లుగా ఆ రాళ్ల మీద పూలు పెడుతున్నది. ఒక గోండు గూడెం పరాయి ఆడమనిషిని తన చనిపోయినవాళ్ల మధ్య పెట్టుకోవడం చిన్న సంగతి కాదని మన పెద్దలకు తెలుసు.

ఆమె పోయాక క్రిస్టోఫ్ ఎనిమిదేళ్లు బతికారు. 1990లో తన ఆత్మకథ అచ్చు వేశారు. భారతదేశ గిరిజనుల మధ్య తన బతుకు అన్నది దాని పేరు సారాంశం. ఆ బతుకులో చాలా భాగం ఇద్దరిదీ. 1995లో ఆయన లండన్‌లో చనిపోయారు. చితాభస్మం మాత్రం అక్కడ ఉండిపోలేదు. 2012లో వారి కొడుకు తండ్రి చితాభస్మాన్ని మార్లవాయి తీసుకొచ్చి, తల్లి సమాధి పక్కన ఉంచారు. మనలో పెనిమిటి ఊరికి భార్య వస్తుంది. ఇక్కడ ఇరవై అయిదేళ్లు ఒక్కతే ఆ నేలలో ఉన్న ఇల్లాలి దగ్గరికి పెనిమిటి వచ్చి చేరారు.